తెడ్లు విరిగిన పడవ: జపాను జాలరి మంజిరో చరిత్ర

సముద్రము దాటినవారి కథలు మనకు కొత్తవి కావు. పురాణములందును ఇతిహాసములందును అట్టివి పెక్కులు కలవు. అయితే ఆ కథలలోనివారందఱును దాటవలెనని సంకల్పించి దాటినవారే. హనుమంతుడు మహేంద్రగిరిపై నిలిచినపుడు ఎచటికి పోవలయునో, ఎందులకు పోవలయునో సంపూర్ణముగ నెఱిగియుండెను. నాలుగు చేపలు పట్టుకొని కొలది దినములలో ఇల్లు చేరుదమని బయలుదేరి, నడిసముద్రమున పడవ చెడి, పదునొకండు సంవత్సరములకుగాని తల్లి ముఖము చూడజాలనివాని కథ వేఱు. అట్టివాడు జపాను దేశమున ఒకడు కలడు. అతని పేరు మంజిరో.

జపానులోని నాలుగు పెద్ద ద్వీపములలో షికొకు ఒకటి. అందు దక్షిణపు తీరమున తోసా అను సంస్థానము, ఆ సంస్థానమున నకనోహమా అను చిన్న పల్లె. 1827లో మంజిరో అచట జన్మించెను. తొమ్మిదేండ్ల ప్రాయమున తండ్రి పోయెను. అన్న రోగిష్ఠి. తల్లియు తోబుట్టువులును ఈ బాలుని కష్టముపై ఆధారపడవలసివచ్చెను. చదువు సంధ్యలు లేవు. ఆ కాలపు జపానులో జాలరి బిడ్డకు అక్షరము చెప్పువారెవరు? పదునాలుగేండ్ల ప్రాయమున ఉసా అను రేవుకు పోయి పడవపనిలో కుదిరెను.

1841 జనవరి నెలాఖరున, వారి సంవత్సరాది గడచిన అయిదవనాడు, ఉసా రేవునుండి ఒక పడవ బయలుదేరెను. పొడవు సుమారు 25 అడుగులు. అందు అయిదుగురు: నలువది సమీపించుచున్న యజమానుడు ఫుదెనోజో, అతని తమ్ములు జూసుకె, గోయెమొన్, వారికి తోడు తొరయెమొన్ అను యువకుడు, అందఱికంటె చిన్నవాడు మంజిరో. మొదటి దినములలో చేపలు దొరకలేదు. రిత్తచేతులతో ఒడ్డునకు మరలుట జాలరికి అప్పుతో మరలుట. కావున వారు ఇంకను లోపలికి పోయిరి. తుదకొకనాడు చేపల గుంపు కనబడెను. వారు గాలాలు వేసి పనిలో మునిగియుండగా గాలి తిరిగెను.

మబ్బు పట్టిన వెంటనే ఒడ్డునకు మరలవలెనని ఏ తీరమునందైనను ముసలి జాలరులు చెప్పుదురు. కాని ఎన్నో దినములు రిక్తముగ తిరిగినవాని ఎదుట చేపలు పొర్లుచుండగా గాలాలు విడిచి పొమ్మనుట ఒడ్డున కూర్చున్నవారికి సులభమైన మాట. ఫుదెనోజో పడవను మరలించెను గాని కాలము మించిపోయెను. గాలి ఒడ్డునుండి సముద్రమునకు వీచుచుండెను. అలల తాకిడికి తెడ్లు విరిగెను, తెరచాప పనికిరాకపోయెను. శీతకాలపు వాన పడుచుండెను. మురోతో అగ్రము దూరమున కనబడి మఱల కనుమరుగయ్యెను. భూమి కనబడుచుండగా దానిని చేరు సాధనము చేతలేకుండుట కంటె భూమి కనబడకుండుటయే మేలని ఆ రాత్రి వారికి తోచియుండవచ్చును.

జపాను నావికుల కిట్టి విపత్తు క్రొత్త కాదు. ఆ దేశమున సరకులు మోయు ఓడలకు చుక్కాని మిక్కిలి పెద్దది. లోతు తక్కువ రేవులలో పైకెత్తుకొనుటకు వీలుగ దానిని త్రాళ్లతో వ్రేలాడదీయుదురు. తీరము వెంబడి పోవునంతవరకు ఆ ఏర్పాటు మంచిదే. తుపాను పట్టినపుడు మాత్రము ఆ చుక్కానియే మొదట విఱుగును. చుక్కాని పోయిన ఓడ అలకు అడ్డముగ తిరుగును. తలక్రిందులు కాకుండుటకై నావికులు తమ చేతులతోనే స్తంభమును నఱికివేయుదురు. అటుపిమ్మట ఓడ తేలును గాని పోదు, కురోషియో అను ప్రవాహము పట్టుకొని తూర్పునకు లాగికొనిపోవును. కురోషియో యనగా నల్లని ప్రవాహమని అర్థము. 1813లో చెడిన తొకుజోమారు అను ఓడ 484 దినములు తేలియాడెను. 1832లో పదునలుగురితో బయలుదేరిన హోజున్‌మారు పదునాలుగు నెలలకు అమెరికాలోని ఫ్లాటరీ అగ్రమున ఒడ్డునకు కొట్టుకొనివచ్చునప్పటికి ముగ్గురే మిగిలిరి. ఓడలో బియ్యమున్నవారి గతి అది. మంజిరో ఎక్కినది ఓడ కాదు, జాలరి పడవ. తిండి కొలదిపాటిది.

పడవ చెడినపుడు చేయదగిన పనులు మిక్కిలి తక్కువ. లోపలికి వచ్చిన నీరు తోడుట, బరువు సమముగ నుండునట్లు కూర్చుండుట, వాననీరు పట్టుట, ఒకరి నొకరు నిద్రబోనీయకుండుట. వినుటకు ఇవి అల్పములు. సుమారు ఒక వారము వారిని బ్రదికించినవి ఇవియే. తుదకు తెల్లని పెద్ద పక్షులు గుంపులుగ ఎగురుట కనబడెను. పక్షులున్నచోట నేల ఉండునని ఫుదెనోజో గ్రహించెను. అది తోరిషిమా, అనగా పక్షుల దీవి. రాజధానియైన ఎదో నగరమునకు దక్షిణమున సుమారు 360 మైళ్ల దూరమున నున్న అగ్నిపర్వతపు దిబ్బ. అడ్డముగ మూడు కిలోమీటర్లకు మించదు. దిగుటకు రేవు లేదు. అలలు పడవను రాళ్లపై విసరివేయగా అది ముక్కలయ్యెను. అయిదుగురును ప్రాణములతో గట్టెక్కిరి గాని జూసుకె కాలికి గట్టి దెబ్బ తగిలెను.

ఆ దీవిలో వారు 143 దినములు గడపిరి. చెట్లు లేవు, ఏరు లేదు. రాతి గుహయే ఇల్లు, రాళ్ల గుంటలలో నిలిచిన వాననీరే త్రాగునీరు. ఆల్బట్రాస్ అను ఆ తెల్లని పక్షి వారి ఆహారమయ్యెను. నిప్పు లేనందున మాంసమును రాళ్లపై దంచి యెండలో ఎండబెట్టుకొని తినిరి. జపానువారు ఈ పక్షికి మూర్ఖపక్షి యని పేరు పెట్టిరి. గాలిలో అంత నేర్పుగల ఆ పక్షి నేలపై మనుష్యుని చూచి పారిపోనేరదు. కావున ఆ పేరు వచ్చినది. ఆకలిగొన్న ఆ అయిదుగురికి అది ప్రాణదాత. తరువాతి కాలమున ఈకల వ్యాపారులు ఆ దీవిపై బడి లక్షల కొలది పక్షులను చంపిరి. 1949లో ఆ జాతి నశించెనని పండితులు నిర్ణయించిరి. 1951లో పది పక్షులు మాత్రము మరల కనబడెను. నేడు వానిని కాపాడుచున్నందున వేలకు పెరిగినవి. వేసవి రాగానే ఈ పక్షులు పిల్లలతో కూడ దీవి విడిచిపోవును. 1841లోను అట్లే పోయెను. అంతట ఆ అయిదుగురికి నత్తలు, సముద్రపు నాచు మాత్రమే మిగిలెను.

జూన్ 27వ తేదీన ఒక ఓడ కనబడెను. అమెరికాలోని న్యూ బెడ్‌ఫర్డు రేవునుండి తిమింగిలముల వేటకై వచ్చిన ఆ ఓడ పేరు జాన్ హౌలండ్. దాని అధిపతి విలియం విట్‌ఫీల్డు. తాబేళ్లు దొరకునేమో చూచిరమ్మని ఆయన రెండు పడవలను దీవికి పంపగా అవి అయిదుగురు మనుష్యులతో తిరిగివచ్చెను. ఓడ దినచర్య పుస్తకమున ఆనాటి పద్దు మిక్కిలి చిన్నది. గాలి స్థితి, దీవి కనబడిన వేళ, దిక్కులేని అయిదుగురు దొరకుట, వారు ఆకలితో నున్నారనుట తప్ప వేఱేమియు వారి మాటలవలన తెలియకపోవుట, ఇంతియే. చిట్టా వ్రాయువారు ఇట్లే వ్రాయుదురు. ఒక దేశచరిత్ర ఆ పద్దులో ఇమిడియున్నదని వ్రాసిన చేతికి తెలియదు. చిరకాలము పస్తున్న కడుపునకు ఒక్కమారుగ నిండుభోజనము ప్రమాదమని విట్‌ఫీల్డు వారికి కొలదికొలదిగ పెట్టించెను. ఇది అనుభవమున్న నావికుని లక్షణము.

ఇచట చదువరులకు ఒక సందేహము కలుగును. జపాను దగ్గఱనే యున్నదికదా, వారిని ఒడ్డున దింపి పోరాదా? పోరాదు. 1635లోనే అచటి ప్రభుత్వము ప్రజలు దేశము విడిచి పోరాదనియు, పోయి తిరిగివచ్చినచో మరణదండన యనియు శాసించెను. 1825లో మఱియొక ఆజ్ఞ: తీరమునకు వచ్చిన పరదేశపు ఓడలను, విచారణ లేకయే, తరిమివేయవలెను. పైన చెప్పిన హోజున్‌మారులో మిగిలిన ముగ్గురితోపాటు ఇతర జపాను నావికులు నలుగురిని కూడ ఎక్కించుకొని 1837లో మారిసన్ అను అమెరికా ఓడ వచ్చెను. ఇల్లు చేర్చవచ్చిన ఓడపై తీరమునుండి ఫిరంగులు కాల్చిరి. అది వచ్చిన త్రోవనే మరలిపోయెను.

మన ధర్మశాస్త్రకారులును సముద్రయానమును కలివర్జ్యములలో చేర్చిరి. అయితే మనవారి దండన ప్రాయశ్చిత్తము, జాతిబహిష్కారము. అచట శిరచ్ఛేదము. మనయందు మఱియొక మర్యాదయు కలదు. కాకతీయ గణపతిదేవుడు శాలివాహన శకము 1166లో, అనగా క్రీ.శ. 1244-45లో, మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము నేటికిని నిలిచియున్నది. గాలివానకు చెడి ఒడ్డున బడిన ఓడలలోని సరకును పూర్వపు రాజులు బలాత్కారముగ తీసికొనుచుండిరనియు, ప్రాణములకు తెగించి సముద్రముపై వచ్చువారియెడ దయతోను, కీర్తికొఱకును, ధర్మముకొఱకును నియమిత సుంకము మాత్రమే గ్రహించి తక్కినది వారికే విడుచుచున్నామనియు అందు గలదు. చెడిన ఓడవాడు దొంగ కాడు, శత్రువు కాడు అను ఎఱుక ఆంధ్రదేశపు ఒడ్డున ఆనాడే శాసనమునకెక్కెను. జపాను ఒడ్డున ఆ ఎఱుక కలుగుటకు ఇంకను అయిదారువందల సంవత్సరములు పట్టెను.

విట్‌ఫీల్డు వారిని హవాయి దీవులలోని హొనొలూలునకు గొనిపోయి దింపెను. నలుగురు అచటనే పనులలో కుదురుకొనిరి. మంజిరోయందు ఏదియో చురుకుదనము గమనించి విట్‌ఫీల్డు అతనిని మాత్రము తనతో గొనిపోయెను. 1843 మే నెలలో ఓడ న్యూ బెడ్‌ఫర్డు చేరెను. నదికి ఆవలి యొడ్డున నున్న ఫేర్‌హేవెన్ అను ఊరిలో విట్‌ఫీల్డు ఇల్లు. అచట అక్షరాభ్యాసము మొదలయ్యెను. తన మాతృభాష చదువుట రానివాడు ముందుగ ఇంగ్లీషు చదువ నేర్చుట విచిత్రము. ఒక ప్రార్థనామందిరమువారు ఆ బాలుని విట్‌ఫీల్డు కుటుంబముతోపాటు కూర్చుండనీయలేదు. నల్లవారి వరుసలో కూర్చుండుమనిరి. విట్‌ఫీల్డు ఏ వాదమును చేయక ఆ మందిరమునకు పోవుట మాని, బాలుని ఆదరించిన వేఱొక మందిరమునకు కుటుంబముతో సహా మాఱెను.

బార్ట్‌లెట్ పాఠశాలలో మంజిరో గణితమును, భూమి కొలతను, నౌకాయాన శాస్త్రమును అభ్యసించెను. పీపాలు చేయు వృత్తి కూడ నేర్చెను. నౌకాశాస్త్రమునకు ఆనాటి ప్రమాణగ్రంథము నెథానియేల్ బౌడిచ్ వ్రాసినది, 1802లో వెలువడినది. ఈ బౌడిచ్ చరిత్రయు తెలిసికొనదగినది. పండ్రెండేండ్ల ప్రాయముననే ఓడ సామగ్రి అమ్ము దుకాణమున గుమస్తాగ చేరి, పగలు లెక్కలు వ్రాయుచు రాత్రులు తనంతట తాను గణితము నేర్చినవాడు. న్యూటను గ్రంథము చదువుటకై లాటిను భాష సైతము గురువు లేకయే నేర్చెను. అంతకు పూర్వము నావికులు వాడుచుండిన పట్టికలలో వేలకొలది తప్పులను ఎత్తిచూపెను. అంకె తప్పినచో ఒడ్డుననున్నవానికి రూపాయి నష్టము, సముద్రముపై నున్నవానికి ఓడయే నష్టము.

ఆ విద్య సారాంశమిది. మధ్యాహ్నమున సూర్యుడు ఎంత ఎత్తుననున్నాడో కొలమానముతో చూచి, నావికుల పంచాంగములోని ఆనాటి అంకెలతో సరిచూచినచో అక్షాంశము తెలియును. గడియారమువలనగాని చంద్రుని గమనమువలనగాని రేఖాంశము తేలును. రెండును తెలిసినవాడు చుట్టును నీరు తప్ప ఏమియు లేనిచోటను, పటముపై తానున్న బిందువును వ్రేలితో చూపగలడు. 1841లో ఫుదెనోజోకు తెలియనిది ఇదియే. మురోతో కనుమరుగైన క్షణమునుండి ఆ పడవ ఎచటనున్నదో అందున్నవారిలో ఎవరికిని తెలియదు. తెడ్లు విరిగిన తరువాత ఆ జ్ఞానము వారి కేమియు చేసియుండదని ఒకరు ఆక్షేపింపవచ్చును. అది నిజమే. కాని మంజిరో మాత్రము దానిని పట్టి విడువలేదు.

1846లో అతడు ఫ్రాంక్లిన్ అను తిమింగిలవేట ఓడ నెక్కెను. దాని అధిపతికి నడుమ మతి చలింపగా అతనిని మనీలా రేవున అధికారులకు అప్పగింపవలసివచ్చెను. నావికులు తమలో తాము ఎన్నుకొని క్రొత్త అధికారులను నియమించుకొన్నపుడు మంజిరో పై పదవులలో ఒకదానికి వచ్చెను. పుట్టుకనుబట్టిగాక పనినిబట్టి మనుష్యుని ఎన్నుకొనుట అతనికి ఆ ఓడపై కలిగిన అనుభవము. 1849లో ఫేర్‌హేవెన్ చేరి, ఆ సంవత్సరమే కాలిఫోర్నియాలోని బంగారు గనులకు బయలుదేరెను. 1850లో కొలది వారములు శ్రమించి సుమారు 600 డాలర్లు గడించెను. గనులలో ధనము కన్నవారిలో పెక్కండ్రు ఇంకను కావలెనని అచటనే చెడిరి. ఇతడు లెక్క చాలినంతనే ఆపివేసెను. ఆ ధనముతో అతడు కొనదలచినది ఒక పడవ.

హొనొలూలులో తన పాతమిత్రులను కలిసికొనెను. కాలు దెబ్బతిన్న జూసుకె 1846లోనే మరణించియుండెను. తొరయెమొన్ రానని చెప్పెను. దెన్‌జో అని పేరు మార్చుకొనియున్న ఫుదెనోజోయు గోయెమొనును సరేయనిరి. వారు ఇదివఱకే ఒకమారు వేఱొక ఓడపై ఉత్తరపు జపాను తీరమువఱకు పోయి, అచట మనుష్యులు కనబడనందున వెనుదిరిగి వచ్చినవారు. మంజిరో ఉపాయము వేఱు. పెద్ద ఓడ తీరము చేరినచో ఫిరంగులు మ్రోగును. కావున ఒక చిన్న పడవను కొని, దానిని చీనాకు పోవు ఓడపై వేసికొని, జపాను దక్షిణపు దీవుల చెంత దానిని సముద్రమున దింపుకొని, తమ చేతులతోనే తెడ్లు వేసికొని ఒడ్డు చేరవలెను. ఆ పడవకు సాహసి అను అర్థము వచ్చు అడ్వెంచరర్ అను పేరు పెట్టెను.

ఇది తిమింగిలవేటవారి పడవ. ముందు వెనుకలు రెండును మొనదేలియుండును, అలలో ఏ వైపునకైనను పోగలదు. హొనొలూలులోని నావికుల మతగురువు శామ్యూల్ డేమన్ తన పత్రికలో వీరి కోర్కెను ప్రకటించి సహాయ మర్థించెను. కావలసిన వస్తువులలో దిక్సూచి, తుపాకి, బట్టలు, పాదరక్షలు, నావికుల పంచాంగము పేర్కొనబడెను. ఉసా రేవునుండి బయలుదేరిన పడవలోని సామగ్రిని ఈ పట్టికప్రక్కన పెట్టి చూచినచో ఆ పదేండ్లలో మంజిరో సంపాదించిన ఆస్తి యేమో తెలియును.

1850 డిసెంబరు 17వ తేదీన సారా బాయిడ్ అను ఓడపై ముగ్గురును బయలుదేరిరి. 1851 ఫిబ్రవరి మొదటి దినములలో రియుక్యు దీవులు కనబడెను. మంచుతుంపర కలిసిన గాలి వీచుచుండెను. ఓడ అధిపతి విట్‌మోర్ ఈ వాతావరణమున దిగవలదనియు, తనతో షాంఘై రమ్మనియు నచ్చచెప్పెను. మంజిరో వినలేదు. పడవను దింపిరి. పదేండ్లనాటి తుపాను మఱచిపోని ఇద్దఱు అన్నదమ్ములు ఆ అలలను చూచి హడలిపోయిరి. మంజిరో తెడ్డు విడువలేదు. ఆ రాత్రి ఒడ్డునకు చేరువలో లంగరు వేసి నిలిచి, మఱునాడు ఒకినావా దీవిలో దిగిరి. చీకటిలో అలలపై బడి ఒడ్డు పట్టవలెనని తొందరపడకుండుట తోరిషిమా రాళ్లు నేర్పిన పాఠము కావచ్చును.

తరువాత విచారణలు. రియుక్యులో కొన్ని నెలలు, సత్సుమా సంస్థానమున కొంతకాలము, నాగసాకిలో పలుమార్లు. సత్సుమా ప్రభువు షిమజు నరియాకిర మాత్రము వారిని నేరస్థులుగ గాక ఓడల నిర్మాణము తెలిసినవారుగ ఎంచి ప్రశ్నించెను. నాగసాకిలో క్రైస్తవులు కామని నిరూపించుటకై దైవప్రతిమగల పలకను కాలితో త్రొక్కించిరి. 1842లోనే ప్రభుత్వము ఓడలను తరుము ఆజ్ఞను సడలించియుండెను. కాలము మాఱుచుండెను. శిరస్సులు దక్కెను. 1852లో వారు తోసా చేరగా కవద షోర్యో అను చిత్రకారపండితుడు మంజిరో చెప్పినదంతయు వ్రాసి, చిత్రములతో హ్యోసొన్ కిర్యకు అను గ్రంథము రచించెను. దెన్‌జోకును గోయెమొనుకును సంస్థానమువారు జీవితాంతము తిండిగింజలు ఏర్పాటు చేసి, ఇకపై సముద్రముపై పనికి పోరాదని కట్టడి చేసిరి. జాలరికి సముద్రమును నిషేధించి అన్నము పెట్టుట దయయో దండనయో చెప్పుట కష్టము.

ఆ శరత్కాలమున మంజిరో నకనోహమా చేరెను. కొడుకు చనిపోయెనని తలచియున్న తల్లి అతనిని చూచెను. మూడు దినములు గడవగానే కొలువునుండి పిలుపు వచ్చెను. 1853లో అమెరికా సేనాని పెర్రీ నాలుగు యుద్ధనౌకలతో ఎదో అఖాతమున ప్రవేశించగా, ఆ దేశమును కన్నులార చూచినవాడు జపానులో ఎవడని వెదకిరి. మంజిరోను రాజధానికి పిలిచి, కత్తి ధరించు హోదా నొసగి, ఇంటిపేరు ధరించు అధికారము నిచ్చిరి. పుట్టిన పల్లె పేరుతో అతడు నకహమ మంజిరో అయ్యెను. అయినను అమెరికనులపై అతనికి అభిమానమున్నదను శంకతో వారితో ముఖాముఖి మాటలాడు పనికి అతనిని పెట్టలేదు. నమ్మకములేని కొలువు అట్లే యుండును, తెలిసినవానిని పిలుచును, తెలిసినందులకే అనుమానించును.

1857లో అతడు బౌడిచ్ గ్రంథమును జపాను భాషలోనికి తెచ్చెను. 1860లో కన్రిన్‌మారు అను ఓడ జపాను జెండాతో పసిఫిక్కు దాటి 37 దినములకు శాన్‌ఫ్రాన్సిస్కో చేరెను. త్రోవలో తుపాను పట్టి జపాను నావికులలో పెక్కండ్రు వాంతులతో పడియుండగా, ఓడపై నున్న కొలదిమంది అమెరికా నావికులును మంజిరోయును దానిని నడపిరి. తోడుగ పోయిన అమెరికా అధికారి బ్రూక్ దినచర్య చాలకాలమునకుగాని వెలువడలేదు. అందువలన ఈ సంగతి ఆ దేశమున ఆలస్యముగ తెలిసినది.

1870లో ప్రభుత్వమువారు అతనిని ఐరోపాకు పంపగా, త్రోవలో న్యూయార్కునుండి ఫేర్‌హేవెన్ పోయి 65 ఏండ్ల విట్‌ఫీల్డును చూచి, ఒక రాత్రి ఆయన ఇంట నిలిచెను. విట్‌ఫీల్డు 1886లోను, మంజిరో 1898లోను గతించిరి. 1918లో మంజిరో కుమారుడు తండ్రిని రక్షించిన ఊరికి కృతజ్ఞతగ ఒక పురాతన ఖడ్గమును పంపెను. ఆ ఊరివారు దానిని తమ గ్రంథాలయమైన మిల్లిసెంట్ లైబ్రరీలో నుంచిరి. 1977లో దొంగ లెవరో దానిని ఎత్తుకొనిపోయిరి. 1982లో జపానునుండి వేఱొక ఖడ్గము వచ్చి ఆ స్థానమున చేరినది.